క్యాంపు తాత సముద్రం

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, హైదరాబాదు నుంచి మనవరాలు ఫోన్ చేసింది. భార్యాభర్తలిద్దరూ అండమాన్‌లో చిన్న ఓడ మీద నాలుగు రోజులు దీవులు తిరగడానికి పోతున్నారట. మొదటిసారి పోయేవాళ్ళకు పనికొచ్చే జాబితా ఏదో ఫోన్‌లో దొరికిందనీ, అందులో ఉన్నవి నిజమో కాదో బాన్సువాడ తాతే చెప్పాలనీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. గట్టి పెట్టెలు వద్దు, మంచం కింద పట్టవు, మెత్తటి సంచులే తెచ్చుకోవాలి. అల్లం, నిమ్మకాయ దగ్గర పెట్టుకోవాలి. చిన్న పడవ ఒడ్డుదాకా రాదు, మోకాటి నీళ్ళలో దిగాలి. అన్నిటికీ ఊ కొడుతున్నాను. చివరికి, ఆటుపోట్ల వేళలు నిమిషాలతో సహా ఫోన్‌లోనే కనబడతాయి, చూసుకుని దిగాలి అని చదివింది. అక్కడ నాకు ఊ రాలేదు. లైను తెగిందనుకుని ఆ పిల్ల రెండుసార్లు హలో అంది.

పదహారేళ్ళ కిందటి మాట ఒకటి నా కడుపులోనే ఉండిపోయింది. పిల్లలెవరికీ తెలియదు. ఇంత పొడుగు రాత వాళ్ళు ఎట్లాగూ చదవరు, మా ఇంటామె కళ్ళద్దాలు మార్చుకొమ్మంటే రేపుమాపంటున్నది, కనుక నా ఈడువాళ్ళయిన మీకు మాత్రం ధైర్యంగా చెప్పుకోవచ్చు.

మాది బాన్సువాడ పక్కన తరతరాలుగా వరీ చెరుకూ పండించుకునే కుటుంబం. మా వియ్యంకుడి తండ్రి కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడినవాడు. అట్లా వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మావైపు క్యాంపులంటారు, అందుకే మనవరాలికి మా వియ్యంకుడు క్యాంపు తాత, నేను బాన్సువాడ తాత. మా అమ్మాయీ వాళ్ళబ్బాయీ ఒకే కాలేజీలో చదివి, ఇష్టపడి, రెండిళ్ళలోనూ ఏడాదిపాటు ఎవరికీ అన్నం సహించకుండా చేసి, చివరికి మమ్మల్ని వియ్యంకులను చేశారు. పెళ్ళయిన చాలా ఏళ్ళదాకా మేమిద్దరం ఎదురుపడితే వానలూ యూరియా తప్ప వేరే మాట ఉండేది కాదు.

కానీ ఒక్క విషయంలో ఆయనంటే ఊరందరికీ గురి. సముద్రం పక్కనుంచి వచ్చినవాళ్ళు కదా, సముద్రం సంగతి వాళ్ళకే తెలుస్తుందని మావాళ్ళ నమ్మకం. తుఫాను వార్త వస్తే చాయ్ హోటల్లో అందరూ ఆయన మొహమే చూసేవారు. ఆయన మెల్లగా సాసర్ కింద పెట్టి, తూర్పువైపు ఒకసారి చూసి, రెండు రోజుల్లో మనకు చినుకులు పడతాయనేవాడు. పడితే ఆయన గొప్ప, పడకపోతే మబ్బు తప్పు. బిచ్కుంద సంతలో చేపలు కొనేవాళ్ళు సైతం ఆయన్ను పిలిచి చూపించుకునేవారు. నేనూ మీ సముద్రం, మీ సముద్రం అని ఎగతాళి చేస్తూనే, లోపల నమ్మేవాణ్ణి.

ఆయన షష్టిపూర్తికి పిల్లలు మా నలుగురికీ కలిపి ఆ ఓడ టికెట్లు కొన్నారు. నలుగురూ ఒకచోట నాలుగు రోజులుంటే కలుస్తారని వాళ్ళ ఎత్తు. ముప్పై మంది పట్టే చిన్న ఓడ అది. గదిలో ఒకరు నిలబడితే ఇంకొకరు మంచం మీద కూర్చోవాలి, స్నానాల గది గడప జానెడు ఎత్తుంటుంది, నాలుగు రోజుల్లో నా కాలి బొటనవేలు దానికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు. దిగే మెట్ల దగ్గర ఒక చెక్కకు మా నెంబర్ల బిళ్ళలు వేలాడేవి. దీవిలోకి పోయేటప్పుడు ఎర్రవైపు, తిరిగి వచ్చాక తెల్లవైపు ఎవరిది వాళ్ళు తిప్పాలి. చెక్క మీద ఎరుపు కనబడినంతసేపూ ఓడ కదలదని మొదటిరోజే చెప్పారు.

ఓడ కదిలిన పూటే వియ్యంకుడు వాంతులతో మంచం పట్టాడు. ఓడవాళ్ళ పప్పు పడలేదన్నాడు. మా ఇంటామె సకినాలు తింటూ కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంటే, సముద్రం పక్కనుంచి వచ్చిన మనిషి నిమ్మకాయ వాసన చూస్తూ పడుకున్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడోరోజు పొద్దున మనుషులెవరూ లేని ఒక దీవి దగ్గర దింపారు. ఓడ నుంచి మమ్మల్ని ఒడ్డుకు తెచ్చిన పెద్ద వయసు పడవవాడు, పన్నెండు లోపల ఈ ఒడ్డుకే వచ్చి ఉండాలని హిందీలో అందరికీ చెప్పి, నీళ్ళలో మునిగి చేపలు చూసేవాళ్ళను పడవలో ఎక్కించుకుని దీవికి అటువైపు పోయాడు. ఇటువైపు మేం నలుగురమే మిగిలాం. ఎదురుగా రెండు పొలాల దూరంలో నీళ్ళ మధ్య తెల్లటి ఇసుక దిబ్బ ఒకటి, దాని నిండా గవ్వలు. ఎనిమిదేళ్ళ మనవరాలు గవ్వలు తెమ్మని మరీ మరీ చెప్పి పంపింది. నడిచి పోవచ్చా అన్నయ్యా అని మా ఇంటామె అడిగింది నన్ను కాదు, ఆయన్ను. ఆయన నీళ్ళలోకి నాలుగడుగులు వేసి చూసి, మోకాటి లోతు కూడా లేదు, నిశ్చింతగా వెళ్ళి రమ్మన్నాడు. వియ్యపురాలు సరేసరి, ఆయన మాట ఆమెకు వేదం. మోకాళ్ళ నొప్పులున్న మా ఇంటామెను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పోయింది.

మేమిద్దరం ఒడ్డున కూలబడ్డాం. నాకొక పాత అలవాటుంది, ఇక్కడ చెప్పాలి. మా పొలం కాలువ చివరన ఉండేది. వంతు వచ్చిందో లేదో, నీళ్ళు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియడానికి మా నాయన నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పక్కన కూర్చునేవాడు. పుల్ల తడిస్తే పైన తూము ఎత్తినట్టు, పుల్ల అవతల బురద కనబడితే ఎవడో దించినట్టు. చిన్నప్పటినుంచీ నేను నీళ్ళ పక్కన కూర్చుంటే చెయ్యి దానంతటదే పుల్ల కోసం వెతుకుతుంది. ఆరోజూ గుచ్చాను.

పిట్లం దగ్గర అమ్మకానికి వచ్చిన భూమి గురించి మాట్లాడుకుంటున్నాం. ఎంతసేపయిందో, చూస్తే పుల్ల జానెడు లోపల ఉంది. ఎవడో తూము ఎత్తాడు అని మనసులో అనుకుని, అలవాటుకొద్దీ పైవైపు చూశాను. సముద్రానికి పైవైపేదీ? మబ్బు లేదు, వాన లేదు, ఎండ ఫెళ్ళున కాస్తున్నది. ఇంకో పుల్ల గుచ్చాను. దానికేసి చూస్తూ అడిగాను.

"బావ, నీళ్ళు పెరుగుతున్నయ్ గదా?"

కెరటం వస్తుంది, పోతుంది, అంతే అన్నాడు. కానీ ఆ పుల్ల చూస్తుండగానే మునిగింది. మూడోది గుచ్చాను, అదీ మునిగింది. దిబ్బ వైపు చూస్తే పొద్దున మడి అంత ఉన్నది కల్లం అంత అయింది. దాని మీద ఇద్దరు ఆడవాళ్ళూ మాకు వీపు పెట్టి వంగి గవ్వలేరుతున్నారు. ఎంతదాకా పెరుగుతాయి, ఎప్పుడు ఆగుతాయి, అది చెప్పు బావ అని భుజం పట్టుకుని ఊపాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకు తెలీదు బావగారూ. నేను సముద్రం చూడటం ఇదే మొదలు."

ఆయన క్యాంపులోనే పుట్టాడు. వాళ్ళ నాన్న సొంతవూరు సముద్రానికి ఎంతో దూరమట, ఆయనా జన్మలో సముద్రం చూడలేదట. చిన్నప్పటినుంచీ అందరూ అడుగుతుంటే లేదని చెప్పడం నామోషీ అయి, ఒకసారి తలూపాక ఇక వెనక్కి తీసుకోలేక అట్లాగే నడిపించాడు. ఇదంతా ఆయన వివరంగా చెప్పింది తర్వాత. అప్పుడు మాత్రం ఆ ఒక్క మాట అని, ఏడుస్తున్నవాడిలా నీళ్ళలోకి పరుగెత్తాడు. ఆ క్షణాన ఆయన్ను కొట్టాలనిపించింది, దాచుకోను.

అరిచాం. గాలి మా వైపు కొడుతున్నది, అరుపు దిబ్బదాకా పోతేగా. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. మా ఇంటామె అప్పుడే నడుం ఎత్తి మావైపు తిరిగి, పలకరిస్తున్నామనుకుని, నవ్వుతూ తనూ చెయ్యి ఊపి మళ్ళీ వంగింది. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది.

వానాకాలంలో మంజీరలో కలిసే వాగులు దాటినవాణ్ణి కనుక, ఒడ్డున పడి ఉన్న ఒక పొడుగాటి కర్ర అందుకున్నాను. నాకు బావిలో ఈత వచ్చు, ఆయనకు అదీ రాదు. వెనక్కి పొమ్మంటే వినలేదు. కర్రతో ముందు లోతు చూస్తూ, అడుగు కుదురుకున్నాకే రెండో అడుగు వేస్తూ పోయాం. సగం దూరానికే నడుం దాటింది. దిబ్బ చేరేసరికి మా ఇంటామె మొదట అడిగింది నా పంచె గురించి.

"గీ ఉప్పునీళ్లల్ల పంచె తడుపుకుంట ఎందుకొచ్చినవ్?"

వెనక్కి తిరిగి చూడమన్నాను. చూసింది. పొద్దున తాను నడిచి వచ్చిన దారి అక్కడ లేదు. వియ్యపురాలు ఒక్కసారిగా నా కొడుకు, నా మనవరాలు అంటూ కూర్చుండిపోయింది. ఆమెను లేపి, ఇద్దరి కొంగులూ కలిపి ముడివేసి, ఆ ముడి ఆయన చేతికిచ్చి వదలొద్దని చెప్పాను. ముందు కర్రతో నేను, నా నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకుని మా ఇంటామె, ఆమె పక్కన వియ్యపురాలు, చివర ఆయన. వాగు దాటేటప్పుడు నీళ్ళకు ఎదురుగా నిలవకూడదు, పక్కకు తిరిగి నడవాలి, అట్లాగే నడిపించాను. మధ్యలో ఒకచోట నీళ్ళు పొట్టిమనిషి మా ఇంటామెకు గొంతుదాకా వచ్చాయి. పక్కనుంచి గుంజుతున్నాయి. చీర కాళ్ళకు చుట్టుకుని ఆమె పాదం లేచింది. తువ్వాలు బిగుసుకుని నా నడుం కోసుకుపోయింది. నేను వెనక్కి తిరిగేలోపల ఆయన ముడి వదలకుండానే రెండో చేత్తో ఆమె జబ్బ పట్టుకుని పైకెత్తాడు. గుంటలో కాలు పడి గడ్డందాకా నీళ్ళున్నాయి ఆయనకు, ఈత రాదు, అయినా వదలలేదు. నాలుగడుగుల తర్వాత కింద ఇసుక మళ్ళీ గట్టిగా తగిలింది. గవ్వల సంచీ మాత్రం సముద్రమే తీసుకుంది.

ఒడ్డెక్కి అందరం ఇసుకలో పడి ఉండగా పడవ వచ్చింది. పడవవాడు మమ్మల్ని చూసి, మునిగిపోయిన దిబ్బను చూసి, మా నాయన తర్వాత నన్నెవరూ తిట్టనంత తిట్టాడు. ఆడవాళ్ళను అటు పొమ్మన్నదెవరని అడిగాడు. వియ్యంకుడు తల ఎత్తాడు. నోరు తెరవబోతున్నాడు. ఆయన భార్య ఆయన మొహంలోకే చూస్తున్నది, నలభై ఏళ్ళుగా ఎట్లా చూస్తుందో అట్లా. ఆ చూపు చూశాక ఆయన మీది కోపం ఎటు పోయిందో తెలియదు.

"నేనే పొమ్మన్న. ఏం గాదని నేనే చెప్పిన," అన్నాను.

ఆయన్ను అడిగి వెళ్ళినవాళ్ళకు తెలియదా అంటారేమో. ఆయన లోతు మాత్రమే చూశాడనీ, పెరిగే సంగతి తెలిసి తొందరగా పిలుద్దామంటే నేనే ఇంకాసేపు ఉండనిమ్మన్నాననీ దారిలో ఒక కథ అల్లి చెప్పాను. మా తగువులు ఎరిగినవాళ్ళు కనుక ఇట్టే నమ్మారు. ఓడ మెట్ల దగ్గర ఆయన ముందు ఆడవాళ్ళ బిళ్ళలు, తర్వాత నాది, చివరికి తనది తెల్లవైపు తిప్పాడు.

అప్పటినుంచి మా ఇంటామె నన్ను సాధించని పండుగ లేదు. సముద్రం తెలిసిన అన్నయ్య జబ్బ పట్టుకోకపోతే నువ్వు నన్ను చేపలకు వేసేటోనివి అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన నావైపు చూసేవాడు, నేను చుట్ట వెలిగించుకునేవాణ్ణి. పిల్లలు కోరినట్టు వియ్యంకులు కలిశారు గానీ, ఎందుకు కలిశారో వాళ్ళకు తెలియదు. మూడేళ్ళ కిందట దవాఖానలో చివరిరోజుల్లో ఆయన నా చెయ్యి పట్టుకుని, చెల్లెమ్మకు నిజం చెప్పేస్తాను బావగారూ అన్నాడు. నీకు పుణ్యముంటది, ఊకో బావ అన్నాను. ఆమె తిట్లకు అలవాటుపడ్డాను, ఇప్పుడు మానేస్తే నాకు తోచదన్నాను. నవ్వాడు, దగ్గొచ్చింది, నీళ్ళు తాగించాను.

ఇప్పుడు ఏ పూట నీళ్ళు పెరుగుతాయో పిల్లలకు ఫోనే చెబుతుంది. కాలువలో నీళ్ళు వదిలినా ఫోన్‌కే కబురొస్తుంది, ఒడ్డున పుల్ల గుచ్చి కూర్చునేవాడు నేనొక్కణ్ణే మిగిలాను. మంచిదే, ఎవరి ఆడవాళ్ళూ దిబ్బ మీద చిక్కుకోరు. కాకపోతే ఆ రోజుల్లో తెలియదు అని ఒప్పుకోవడానికి ఒక మనిషికి ఎంత కష్టమయ్యేదో, ఆ మాట విన్న ఇంకో మనిషి దాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకునేవాడో వీళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

స్పీకర్ పెట్టిన ఫోన్‌లో మనవరాలు ఇంకా హలో అంటూనే ఉంది. వంటింట్లోంచి మా ఇంటామె గట్టిగా కేకేసింది.

"గీ తాతనడిగితే ఏం తెలుస్తది బిడ్డా? మీ క్యాంపు తాత ఉంటే సక్కగ చెప్తుండె."

అవును బిడ్డా, సముద్రం సంగతి ఆయనకే తెలుసు అన్నాను.