ఆయ్ అంటే అవునని కాదు

నేను రాసినవాటిలో జనం బాగా నవ్వుకున్నది ఒక సరదా ప్రేమ నవల. అందులో అమ్మాయి కథలు రాస్తుంది, అబ్బాయి కబడ్డీ ఆడతాడు. ఆ అబ్బాయి మా ఆయనే. పేరు మార్చాను గానీ, మా ఊరు ఉప్పలగుప్తంలో ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ మోసపోలేదు.

మా పరిచయం నిజంగానే నవ్వులాట. అమలాపురంలో పోటీలు జరుగుతుంటే పత్రికకు రాయడానికి వెళ్ళాను. కబడ్డీలో నాకు ఓనమాలు రావు. ఆయన కూతకు వెళ్ళి వచ్చాక, "అంతసేపు ఊపిరి తీసుకోకుండా ఏవిటంటారండీ?" అని అడిగాను. "కబడ్డీ అనే అంటామండి" అన్నారు బుద్ధిగా. జట్టంతా పడీపడీ నవ్వింది. నవలలో మొదటి అధ్యాయం అదే.

మా పెళ్ళయ్యాక ఆ నవల వారం వారం సీరియల్‌గా వస్తుండగా ఆయన మోకాలు మెలిపడింది. లోపల లిగమెంటు దెబ్బతిందన్నారు. కొన్ని నెలలు విశ్రాంతి తీసుకున్నాక కాకినాడ వెళ్ళాం. డాక్టరు సరేనని రాసిస్తేనే మళ్ళీ జట్టులో చోటు. ఆ డాక్టరుగారిది మా వైపు కాదు, కొత్తగా వచ్చారు.

"నొప్పి పూర్తిగా తగ్గిందా?"

"ఆయ్."

"మెట్లు దిగేటప్పుడు మోకాలు జారడం లేదు కదా?"

"ఆయ్."

"పరుగెత్తగలుగుతున్నారా?"

"ఆయ్."

కోనసీమలో పుట్టిన డాక్టరైతే అక్కడ ఆగి, "ఆయ్ సరే, అసలు సంగతి చెప్పు" అనేవాడు. మా ఆయ్ అంటే అవునని కాదు. విన్నానండి, కానివ్వండి అని. పెళ్ళికి రానివాడు కూడా శుభలేఖ అందుకుని ఆయ్ అనే అంటాడు. పాపం, ఆ డాక్టరుగారికి అది అవునులాగే వినిపించింది. నేను నోరు తెరవబోతే మా ఆయన బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కారు. ఆయన ఆయ్ మర్యాద కాదు, దాక్కోవడం. ఒక్క అబద్ధమూ ఆడకుండా సంతకం పెట్టించుకున్నారు!

బయటికొచ్చాక కడిగేశాను. "గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. దేనికండీ ఆ ఆయ్‌లు?"

"ఊరుకో. ఈ ఏడు ఆడకపోతే ఇంక నన్నెవరు పిలుస్తారు? కుర్రాళ్ళు వచ్చేసేరు" అన్నారు. ఆ మొహం చూసి, వెనక్కెళ్ళి డాక్టరుగారికి చెప్పేద్దామన్న ఆలోచన మానుకున్నాను.

కొత్తపేట పోటీల్లో కూతకు వెళ్ళి తిరిగి వస్తూ గీత దగ్గర మోకాలు జారి పడ్డారు. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు మీద పడ్డారు. బెణికిందనుకుని ఐసు పెట్టి కట్టు కట్టారు. లోపల రక్తనాళం తెగిందని ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి పాదం నల్లబడి, ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆసుపత్రిలో కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని సరదా అధ్యాయాలు రాశాను. చెయ్యి ఎలా ఆడిందో దేవుడికే తెలియాలి. పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసి, "చివరి భాగం అదిరిపోవాలండి, పెళ్ళిభోజనం చేసినట్టుండాలి" అన్నారు. ఆవిడకి మా సంగతి తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో ఇలా ఉంటే ఆ హీరోగాడు మాత్రం గెంతులెయ్యడం ఏమిటి? వాడి కాలూ తీసేద్దామనిపించింది.

రాసింది ఆయనకి చదివి వినిపించడం మొదట్నుంచీ అలవాటు. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఆయన మంచం పక్కన కూర్చున్నాను. దుప్పటి ఒక పక్క చదునుగా పడి ఉంది. అటు చూడకుండా, చివరి భాగం రెండు రకాలుగా రాశానని చెప్పాను. ఒకదాంట్లో వాడు కప్పు గెలుస్తాడు, ఇంకోదాంట్లో కాలు పోతుంది.

"రెండూ వద్దు. ఓడించెయ్యి" అన్నారు.

"సరదా నవలండీ ఇది. హీరో ఓడిపోతే ఎలా?"

"ఓడిపోతే ఏవైంది? చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ పిల్లతో పోట్లాడుకుంటా, కాలవగట్టు మీద నడుచుకుంటా ఇంటికి రానీ. అంతే రాయి."

అలాగే రాశాను. ఆ గట్టు మీద పోట్లాట చదివి కడుపుబ్బా నవ్వామని చాలామంది ఫోన్లు చేశారు. వాళ్ళ మాటలు ఆయనకి చెబుతుంటే, వింటూ వింటూ గోడవైపు తిరిగి ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.