టెంక పందెం

చిట్టినాన్నా, నువ్వు పోయావని నాకెవరూ వచ్చి చెప్పలేదురా. నీ తల నా ఒళ్ళోనే ఉంది. చెంచాలో రసం ఇంకా మిగిలే ఉంది.

చదివేవాళ్ళకి చెబుతున్నాను. మా పెద్దబ్బాయి పోయిన వైశాఖంలో, చిన్నరసాలు కోతకొచ్చిన రోజుల్లో, నెమ్ము చేసి చనిపోయాడు. వాడికి నలభై నాలుగేళ్ళు. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసేవాడు. పెద్దకర్మ నాడు నేను కిటికీ పక్కన కూర్చుని ఉంటే, బయట చేతులు కడుక్కుంటున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి.

"మంచోడేనయ్యా. పేకాటే ముంచేసింది."

"ఆ వణికే చేతుల్తో ముక్కలెట్టా పట్టుకునేవాడో!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ అనలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. కోడలు పక్కన కూర్చుని ఒత్తులు దిద్దుతోంది.

చెయ్యి వణికినన్నాళ్ళూ వాడు పేక ముట్టుకోలేదండీ. వణుకు తగ్గాకే ముట్టుకున్నాడు.

చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడమన్నా ఆడేవాడు కాదు. వీడు గెలిస్తే చెల్లెలు మొహం మాడ్చుకుంటుందని బాధ. వ్యాపారంలోనూ అంతే. అందరూ మాఘంలో పూత చూసి తోటల కాపు కొనేసేవారు. వీడు మాత్రం కాయ కోడిగుడ్డంత అయ్యేదాకా కదిలేవాడు కాదు. "గాలివానకి రాలేవి రాలాక మాట్లాడదాం" అనేవాడు. పండు ఎవరి చేతిలో పెట్టినా ముందు తొడిమ దగ్గర వాసన చూసేవాడు. నచ్చకపోతే పక్కన పడేసి ఇంకోటి ఇచ్చేవాడు.

ముప్పై ఎనిమిదో ఏట కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మీద ఊరికే ఆడటం మొదలైంది. "ఏంటండీ షావుకారుగారూ, లేని నోట్లు లెక్కపెడుతున్నారు?" అని తోటి వ్యాపారులు ఏడిపించేవారు. వాడూ నవ్వేవాడు. బెజవాడ డాక్టరుగారు చూసి పార్కిన్సన్ జబ్బన్నారు. పెద్ద వయసులో రావలసింది వీడికి తొందరపడి వచ్చిందన్నారు. మాత్రలిచ్చారు. రెండేళ్ళకి వాటిని పెంచి, రెండో రకం కూడా కలిపారు.

నెల తిరక్కుండా వాడు చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. ఆ పొద్దున నేను పెరట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతో.

ఆ మాఘంలోనే ఎర్ర బస్సు దిగి గబగబా వచ్చాడు. "అమ్మా, బాపులపాడు దగ్గర తోట కొన్నా. పూత మీద!"

నేను పరమాన్నం వండాను. నా తప్పు అక్కడ మొదలైంది. పూత మీద తోట కొంటే మా వైపు ఎవరూ జూదం అనరు, ధైర్యం అంటారు. చేతికి సత్తువ వచ్చినట్టే గుండెకీ వచ్చిందని వీధంతా చెప్పుకున్నాను. నలభై ఏళ్ళ నా బిడ్డ ఒక్క నెలలో ఇంకో మనిషి ఎలా అయ్యాడని నాకు తోచలేదు.

తర్వాత కోతవాళ్ళతో పందేలు మొదలుపెట్టాడు. ఈ చెట్టుకెన్ని కాయలు? ఈ కొమ్మకెన్ని? రోడ్డు మీద నిలబడితే, మైలవరం బస్సు ముందొస్తుందా, బెజవాడ బస్సా? ఆ తర్వాత తోట పాకలో పేక. చేతి గడియారం పోయింది, సైకిలు పోయింది, కోడలి గాజులు పోయాయి. అన్నం చల్లారిపోయేది. ఒకసారి చెయ్యి పట్టుకుని అడిగాను.

"ఎందుకురా నాన్నా?"

"తెలీదమ్మా. మాత్ర పడ్డ కాసేపటికి ఒంట్లో మోటారు తిరుగుతున్నట్టుంటది. ఆపటం నా వల్ల కావట్లా."

అప్పటినుంచి నాకు గోడ గడియారమే లోకమైంది. ఎనిమిది, పన్నెండు, నాలుగు. మాత్ర వేళకి ముందు వాడు వణుకుతూ మంచం మీద ఉండేవాడు. వేసుకున్న అరగంటకి అడుగులు చురుకయ్యేవి. గేటు గడియ చప్పుడైతే చేతిలో పని వదిలి వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. ఆ వణుకు పోవాలని ఎన్ని మొక్కులు మొక్కానో! చివరికి వాడి చెయ్యి వణుకుతుంటే నిమ్మళంగా ఉండేది నాకు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

డాక్టరుగారిని అడిగాను. "మాత్రకీ పేకాటకీ ఏం సంబంధమమ్మా?" అన్నారు. ఆయన్ని అనను. ఆయనకీ తెలిసి ఉండదు.

నాకు తోచిన పని నేను చేశాను. మాత్రల సీసా బియ్యం డబ్బాలో, అడుగున దాచేశాను. కొట్లో సరుకు రాలేదని అబద్ధం చెప్పాను. మొదటిరోజు వాడు ఇల్లు కదల్లేదు. నేను సుఖంగా కూర్చుని పూలు కట్టుకున్నాను. రెండోరోజు పొద్దున చూస్తే మనిషి కొయ్యలా బిగిసిపోయాడు. పక్కకి తిరగలేడు. ఉమ్మి మింగలేడు. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

"అత్తయ్యా, మాత్రలేవి? ఎక్కడ పెట్టారు?" కోడలు నా భుజాలు పట్టుకుని కుదిపేసింది.

బియ్యమంతా నేలపాలు చేసి సీసా తీశాను. మాత్ర నూరి నీళ్ళలో కలిపి చుక్క చుక్కా పోశాం. మధ్యాహ్నానికి నాలుక తిరిగింది. మొదట అన్న మాట ఇది:

"బియ్యంలో దాచావు కదూ? పందెం!"

"నువ్వే గెలిచావురా" అన్నాను. వాడితో నేను కట్టిన మొదటి పందెం అదే.

ఉన్నట్టుండి మాత్రలు ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు నన్ను కేకలేశారు. తర్వాత నేను పందేల సంగతి మళ్ళీ చెప్పుకుంటే విని, ఆయనే రెండో రకాన్ని కొద్దికొద్దిగా తగ్గించారు. వాడి మనసు పేక మీద నుంచి మళ్ళింది. మాత్ర తగ్గడం వల్లో, కాళ్ళు సాగకో, నాకు తెలియదు. చూసింది చెబుతున్నాను. మీ ఇంట్లో ఈ మాత్రలు వాడే మనిషి కొత్తగా పందేలకి దిగితే నాలా దాచకండి. డాక్టరు నవ్వినా సరే, మళ్ళీ వెళ్ళి చెప్పండి. ఆ మనిషిని మాత్రం జూదగాడనకండి.

చివరి నెలల్లో గొంతు బిగిసింది. ముద్ద దిగేది కాదు, దిగినా పొలమారేది. బతిమాలి అలిసిపోయి ఒకరోజు అన్నాను, "ఈ ముద్ద నువ్వు మింగలేవు. పందెం."

ఆ కళ్ళల్లో వెలుగు చూడాలి! మింగాడు. కడిగి ఎండబెట్టిన మామిడి టెంక ఒకటి వాడి పక్కన పెట్టాను. ముద్దకో టెంక. ముద్ద బొత్తిగా దిగని రోజున చెంచాడు మామిడి రసానికో టెంక. పందెం మానమని కాళ్ళావేళ్ళా పడ్డదాన్ని, పూటపూటా వాడితో పందెం కాశాను. పోయిన రోజున మూడు గెలిచాడు. నాలుగోది నా గుప్పిట్లో ఉండిపోయింది.

తర్వాత నాకూ ముద్ద దిగలేదు. పళ్ళెం ముందు కూర్చోవడం, లేవడం. కోడలు నాలుగు రోజులు చూసింది. ఐదోరోజు అన్నం వడ్డించి, పళ్ళెం పక్కన ఒక టెంక పెట్టింది.

"మీరు తినలేరు అత్తయ్యా. పందెం."

తిన్నాను. ఇంకోటి పెట్టింది.

ఇది చదివాక మీరూ లేచి వెళ్ళి, వేళకి కడుపునిండా తినండి.