నిమ్మకాయలు తెచ్చిన ఓనరమ్మ

ఆ రోజుల్లో, అంటే కేటరింగు పెట్టిన కొత్తలో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, పని అప్పగించడమంటే పక్కనే నిలబడి ప్రాణం తీయడమని అనుకునేదాన్ని. ఉల్లిపాయలు తరిగే అక్కల చేతుల్లోంచి కత్తి లాక్కుని నేనే తరిగి చూపించేదాన్ని. (నేను తరిగినవి వాళ్లు మళ్లీ తరిగేవాళ్లని చాలా ఆలస్యంగా తెలిసింది.)

మొదటి పెద్ద ఆర్డరు బద్వేలు దగ్గర ఒక పల్లెలో, చర్చి పెళ్లి. నాలుగు వందల మందికి బిర్యానీ. పెళ్లికూతురి నాయన సంఘపెద్ద. ఆయనకు నచ్చితే ఆ చుట్టుపక్కల చర్చి పెళ్లిళ్లన్నీ నావే, నచ్చకపోతే మా అమ్మ రోజూ గుర్తుచేసే టీచరు ఉద్యోగమే గతి. వంట పెద్ద భాయ్‌కి అప్పగించాను. నేను పుట్టకముందు నుంచీ పెళ్లిళ్లకు వండుతున్న మనిషి. మాంసం, బియ్యం పొరలుగా పేర్చి, డేక్సా మూత చుట్టూ మైదాపిండి అతికించి, మూత మీద నిప్పులు పోసి, "ఇంగ గంటసేపు దీన్ని ఎవురూ తాకగూడదు మ్మా" అని చాప మీద కూర్చుని తమలపాకు వేసుకున్నాడు. గంటసేపా! ఒంటిగంటకు మొదటి బంతి కూర్చోవాలి. లోపల ఉడుకుతోందో మాడుతోందో తెలియకుండా మనిషన్నవాడు తమలపాకు ఎలా నములుతాడు?

భాయ్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అంతే, నేను ఒక పక్క పిండి గీకి, సందులో ముక్కు పెట్టాను. బుస్సుమని ఆవిరి వచ్చి కళ్లజోడు మసకబారింది.

"ఏందిమ్మా నువ్వు చేస్తాండేది! దమ్మంతా పోతాండాది!" అంటూ పరుగెత్తుకొచ్చి మిగిలిన పిండితో అతికించాడు. "పిండి ఇంతే ఉండాది. ఇంగోసారి తీసినావంటే సుట్టాలు పచ్చి బియ్యం నమలాల."

నావల్లే చెడిపోయిందేమోనని భయం. భయం పెరిగేకొద్దీ, చెడిందో లేదో ఒక్కసారి తీసి చూడాలనిపించడం (ఈ రోగానికి మందు లేదు). చెయ్యి మళ్లీ మూతవైపు పోయింది. భాయ్ చూశాడు. కోప్పడలేదు. మొహం దిగాలుగా పెట్టి, "మ్మా, శానా పొరపాటైపాయ. నిమ్మకాయల్లేవు. నిమ్మకాయ పిండందే సంఘపెద్దకు ముద్ద దిగదంట. బద్వేలుకు పోయి పలచతోలువి నువ్వే ఏరి తేవాల. ఇంగెవురికీ ఆ వాటం రాదు" అన్నాడు.

పొంగిపోయాను. చూశారా, నేను లేనిదే నిమ్మకాయ కూడా కదలదు! స్కూటీ మీద పోతున్నంతసేపూ కళ్లముందు పచ్చి బియ్యమూ, సంఘపెద్ద మొహమూ, బడి నల్లబల్లా. బజారులో ఒక్కొక్క కాయా నొక్కి చూస్తుంటే అమ్మే అవ్వ, "నిమ్మకాయలు కొంటాండావా, అల్లుణ్ణి ఎతుకుతాండావా?" అని విసుక్కుంది.

తిరిగొచ్చేసరికి రెండో బంతి నడుస్తోంది. సంఘపెద్ద వేళ్లు నాక్కుంటూ, "యాడికి పోయినావు మ్మా? బిర్యానీ శానా బాగుండాది. మా తమ్ముని కూతురు పెండ్లి గూడా నువ్వే చెయ్యల్ల" అన్నారు. ఏడుపొచ్చేసింది. సంచితో పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. భాయ్ చాప వెనక గంప నిండా నిమ్మకాయలు! అన్నీ పలచతోలువే.

"ఇవేంది భాయ్?"

ఆయన తమలపాకు బుగ్గకు నెట్టి, "అందరికీ పని అప్పజెప్తివి. నీకూ ఒకటి ఉండల్ల గదమ్మా" అన్నాడు.

భాయ్ ఇప్పుడు వంట మానేసి మనవళ్లను ఆడిస్తున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నావిడే మా పెద్ద వంటమనిషి. నేను చాలా మారానని అందరికీ చెబుతుంటాను. మొన్నొక పెళ్లిలో డేక్సా చుట్టూ మూడోసారి తిరుగుతుంటే ఆమె దిగాలుగా మొహం పెట్టి, "మేడం, నిమ్మకాయలు అయిపాయ" అంది. గంప ఆమె వెనకే కనిపిస్తోంది. స్కూటీ తాళాలు తీసుకుని, "ఎన్ని తేవాలమ్మా?" అని అడిగాను.