పుంజు తర్వాతే చిలక

రాజమండ్రిలో పశువుల డాక్టరుగారి దగ్గర మా అమ్మాయితో, జబ్బుపడిన తన లవ్‌బర్డ్‌తో కూర్చున్నాను. టింక్చర్ వాసనకి రామచంద్రపురంలో మా పెరడు గుర్తొచ్చింది. మీ ఇళ్లల్లోనూ పందెం పుంజుకి బాదంపప్పు, చిలక్కి జామకాయ ముక్కే కదూ?

నా చిన్నప్పుడు ఓరోజు ఇంటికొచ్చిన డాక్టరుగారు నాన్నగారి పందెం పుంజు కాలికి టింక్చర్ రాసి కట్టు కడుతుంటే, రొప్పుతున్న నా చిలకని ఆయన ముందుకి చాపాను.

"ముందు పుంజుని చూడండి డాక్టరుగారూ. చిలకదేముందండి, పసుపు రాస్తే తగ్గిపోద్ది," అన్నారు నాన్నగారు.

కట్టు పూర్తయ్యేలోపే నా దోసిట్లో చిలక తల వాల్చేసింది.

ఇప్పుడిక్కడ లవ్‌బర్డ్‌కి ఎక్స్‌రే తీయాలంటున్నారు. జేబులో ఉన్నవి ఊడిన నా పన్ను కట్టించుకోవడానికి దాచిన డబ్బులు. "రెండ్రోజులు చూద్దామండి" అన్నమాట నోటిదాకా వచ్చింది. అమ్మాయి పంజరాన్ని హత్తుకుని నా మొహంలోకే చూస్తోంది.

"ముందు దీన్ని చూడండి డాక్టరుగారూ," అన్నాను, అచ్చం నాన్నగారి గొంతుతో.