ఆకువక్కల డబ్బాలో తెల్ల బొద్దింక

గుహల్లో బతికే జీవుల మీద కొత్తగా ఏ పరిశోధన వచ్చినా వదలకుండా చదువుతాను. వెలుతురు చొరబడని చోట తరతరాలుగా ఉండిపోయిన చేపలు, పురుగులు రంగు కోల్పోతాయి. కొన్నింటికి కళ్ళు కూడా పోతాయి. ఒకప్పుడు లక్షల ఏళ్ళు పడుతుందనుకున్న మార్పుల్లో కొన్ని మన కళ్ళముందే జరిగిపోతున్నాయని ఇప్పుడంటున్నారు. గుహల్లోనే కాదు, మనిషి తవ్విన సొరంగాల్లోనూ వెతుకుతున్నారు. నా విద్యార్థులు ఇదంతా నాకు శాస్త్రం మీదున్న ప్రేమ అనుకుంటారు. నిజానికి మా నాన్న మాట నిలబెట్టాలని మొదలుపెట్టిన చదువు ఇది.

తాతది నంగలి దగ్గర పల్లె. నాన్న కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక వాటిలో పనికి చేరాడు. మైనులో బొద్దింకలు లెక్కలేనన్ని ఉండేవట. లోపలంతా వెచ్చన, తడి. పైగా మనుషులు తిని వదిలిన మెతుకులు. వాటిలో కొన్ని పాలలాగా తెల్లగా ఉంటాయని నాన్న చెప్పేవాడు.

"ఎండ మొగం సూడకుండా ఆడనే పుట్టి ఆడనే పెరిగినాయి కదమ్మా, తెల్లగా కాక ఇంగెట్లుంటాయి? బంగారు ఇంగ యాడైనా దొరుకుతుంది. ఇది మన కాడ తప్ప యాడా లేదు" అనేవాడు.

ఎవరూ నమ్మలేదు. అమ్మ అసలే నమ్మలేదు.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకున్న ఏడాది, సాక్ష్యం తెచ్చి చూపిస్తానని నాన్న పంతం పట్టాడు. పగటి షిఫ్టు మొదట్లోనే ఒక తెల్లదాన్ని పట్టి, ఆకువక్కల డబ్బాలో వేసి, మూతకు మేకుతో చిల్లులు పొడిచి, చొక్కా జేబులో పెట్టుకుని పనంతా చేశాడు. మనుషుల్ని గనిలోకి దించి మళ్ళీ పైకి లాగే ఇనుప బోనును అక్కడ కేజ్ అంటారు. సాయంత్రం ఆ కేజ్‌లో పైకి వచ్చినవాడు ఇంట్లోకి అడుగు పెట్టకుండా వాకిట్లోనే నిలబడి, గని కార్మికులకు వరసగా కట్టిన మా లైను ఇళ్ళవాళ్ళందరినీ కేకేశాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి మరీ వచ్చారు. నాన్న మూత తీశాడు. లోపల మామూలు గోధుమరంగు బొద్దింక మీసాలు ఆడిస్తూ ఉంది.

మొదట నవ్వింది పక్క లైనులో ఉండే ఆయన షిఫ్టు జోడీ, అంటే గనిలో నాన్నతో జతగా పనిచేసేవాడు. "అన్నా, ఇది మా ఇంట్లోదే. పొద్దున్నుంచి కనపడలేదని మా ఇంటిది ఎతుకుతా ఉండాది" అన్నాడు. లైనంతా విరగబడి నవ్వింది.

నాన్నకు తల కొట్టేసినట్టయింది. "పొద్దున తెల్లగా ఉండె! పైన ఎలుతురు తగిలి నల్లబడింది. సుళ్ళు చెప్పేదానికి నాకేం కర్మ?" అని అరిచాడు. సుళ్ళంటే మా దగ్గర అబద్ధాలు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అమ్మ బాధ వేరే. "పోయి పోయి ఆకువక్కల డబ్బాలోనా?" అని ఆమె గోల.

ఆ రోజు నుంచి ఆయన పేరు 'బిళి జిరలె'. కన్నడంలో తెల్ల బొద్దింక అని. మాకు మూడు నాలుగు భాషలు కలిసే ఉంటాయి కాబట్టి వెక్కిరింతకు ఏది బాగా అతికితే అది వాడుకుంటాం. కేజ్ ఎక్కేటప్పుడు, పెళ్ళి బంతుల్లో, చివరికి చావింటి దగ్గర కూడా అదే పిలుపు. ఆయన ఒక్కసారి నవ్వి ఊరుకునుంటే వాళ్ళూ మరిచిపోయేవాళ్ళు. కానీ ప్రతిసారీ మండిపడేవాడు. నాన్న అబద్ధం చెప్పడని నాకు తెలుసు. డబ్బాలో పురుగూ అబద్ధం చెప్పదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో అర్థం కాక చాలా ఏళ్ళు నాలో నేనే కొట్టుకున్నాను.

తర్వాత గనులు మూసేశారు. పంపులు ఆగాయి, లోపల నీళ్ళు నిండాయి. కిందికి దిగి చూసే దారి ఇక ఎవరికీ లేదు. లైన్లలో చాలామంది తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పనులకు పోవడం మొదలుపెట్టారు. నేను కోలారులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. మేం చదివేటప్పుడు మైనం పళ్ళెంలో కోసినవన్నీ చచ్చిన, ఎదిగిన బొద్దింకలే. పిల్ల బొద్దింకల్ని బతికుండగా పెంచడం ఈ కాలేజీలోనే నేర్చుకున్నాను. దసరా సెలవుల్లో మేత వేసేవాళ్ళు లేక అవి ఉన్న గాజు సీసాను ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ ఏమందో రాయను.

ఒక పొద్దున చూస్తే సీసాలో తెల్లటి బొద్దింక ఒకటి, పక్కనే అది విడిచిన కుబుసం. పాత పొర విడిచిన కాసేపు బొద్దింక మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఒళ్ళు గట్టిపడే కొద్దీ రంగు వస్తుంది. తర్వాతెప్పుడో కుబుసం విడిచిన ఇంకోదాన్ని చీకట్లో పెట్టి చూశాను, అయినా రంగు వచ్చింది. వెలుతురుకూ దానికీ సంబంధం లేదు.

ఆ పొద్దున వెంటనే నాన్నను పిలిచాను. ఆయన సీసా మీదికి వంగి చూసి, "ఇదే" అన్నాడు. ఇది కొత్త జాతి కాదని, ఇళ్ళలో తిరిగేదేనని, కొత్త జాతి పుట్టడానికి మన గని వయసు చాలదని చెప్పాను. ముఖం చిన్నబోయింది.

"అయితే నేను సుళ్ళు చెప్పలేదు కదా?"

"లేదు నాయినా."

చెప్పులైనా వేసుకోకుండా పోయి పాత షిఫ్టు జోడీని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. అమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. జోడీ సీసాలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"తెలుసన్నా" అన్నాడు. "లోపల నేనూ సూసినాను. అందురమూ సూసినాము."

"అట్లయితే ఆ దినం యాల చెప్పలేదప్పా?"

"కేజ్ కిందికి దిగేటప్పుడు బయం ఎట్లుంటుందో నీకు తెలీదా? ఎవురో ఒకరు బిళి జిరలె అంటా ఉండ్రి, నువ్వు తిడతా ఉంటివి, మేమంతా నవ్వుతా ఉంటిమి. నవ్వు అయ్యేలోగా కింద చేరిపోతా ఉంటిమి. నిజం చెప్పేస్తే ఇంగ దేనికి నవ్వేది?"

నాకు ఒళ్ళు మండింది. అన్నేళ్ళు ఒక మనిషిని అబద్ధాలకోరును చేసి ఆడుకున్నారు. నాన్న మాత్రం అరవలేదు.

"మీరంతా నవ్వుతా దిగినారు. నాకు బయం లేదా?" అన్నాడు.

జోడీ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు కోపంగా ఉంటివి కదన్నా. కోపంలో బయం యాడ తెలుస్తుంది?"

నాన్న సీసాను వెలుతురు వైపు తిప్పాడు. పురుగు అప్పటికే రంగు తిరుగుతోంది.

"అదీ నిజమే" అన్నాడు.