నాయన రాయనన్న ఒక్క బతుకు

మా నాయన పుస్తకాలు రెండు అచ్చయ్యాయి, రెండూ నంద్యాలలో ఒక చిన్న ప్రెస్సులోనే. ఒకటి క్రైస్తవ కీర్తనలు, ఇంకొకటి పిల్లలకు బైబిలు కథలు. అమ్ముడుపోని కట్టలు మంచం కింద ఉండేవి. వానకు ఇల్లు కురిస్తే నాయన ముందు ఆ కట్టల్ని జరిపి, తర్వాత మమ్మల్ని లేపేవాడు.

అయితే మా ఊరు ఆళ్లగడ్డలో ఆయన్ను రచయిత అన్నది వాటి వల్ల కాదు. మా చర్చి సంఘంలో ఎవరు చనిపోయినా భూస్థాపనకు ముందు వాళ్ల జీవిత చరిత్ర చదవడం ఆచారం. డెబ్బైల నుంచీ అవన్నీ నాయనే రాసేవాడు. బడిపంతులు కాబట్టి, పిల్లల పరీక్ష పేపర్లలో మిగిలిన తెల్లకాగితం మీద, ఒక్క పుటకు మించకుండా రాసేవాడు. ‘ప్రభువునందు నిద్రించెను’ అనేవాడు కాదు, ‘చనిపోయాడు’ అనేవాడు. ఏం పని చేశాడు, ఎవరికి ఆసరా అయ్యాడు, చివర ఒక తప్పు. ఆ తప్పు లేకుండా కాగితం మడిచేవాడు కాదు.

“ఒక్క తప్పన్నా చెప్పకుంటే, చెప్పిన మంచి ఎవురు నమ్ముతారురా?” అనేవాడు.

దాంతో వయసు మళ్లినవాళ్లు ఆయన ఎదురైతే కాస్త ఒద్దికగా నడిచేవాళ్లు. గోడలు కట్టే ముసలి బేల్దారి ఒకాయన ఒకసారి ఆగి అడిగాడు.

“సారూ, నా గురించి ఏం రాస్తావప్పా?”

“నువ్వు ముందు పోతే గదా రాసేది.”

“పోతా గానీ, తాగేది మాత్రం రాయొద్దు.”

“అది ఊరందరికీ తెల్సు. వేరేది చూస్తాలే.”

బేల్దారి వచ్చినప్పటికంటే ఎక్కువ దిగులుతో వెళ్లాడు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం నాయన నంద్యాల ఆసుపత్రిలో చనిపోయాడు. పొద్దున్నే వ్యానులో ఇంటికి తెచ్చాం. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, “నాయనది నువ్వే రాయాలి” అన్నాడు. అప్పటికి నేను రాసినవి డిగ్రీ పరీక్షలు, అవి తప్పానని మామకు ఒక ఉత్తరం, అంతే.

అమ్మ ఒప్పుకోలేదు. “వీనికి ఇయ్యొద్దు అయ్యగారూ. వీడు పెండ్లని లేదు, సావని లేదు, యాడైనా నవ్విస్తాడు.”

ఆ మాట గుచ్చుకుంది. అందుకే గంటసేపు కూర్చుని మహా గంభీరంగా రాశాను. మహనీయుడు, ప్రభువు ద్రాక్షతోటలో అలుపెరుగని పనివాడు, ఆళ్లగడ్డకు వెలుగు. అమ్మకు చదివి వినిపించాను.

“ఎవుర్రా ఈయప్ప?” అంది.

“నాయనే గదమా.”

“మీ నాయన ఉండింటే దీన్ని పొయ్యిలో పెట్టుండు. తప్పేదిరా?”

“ఈ పొద్దు తప్పెందుకుమా?”

“ఊర్లో అందరిదీ ఆయప్ప చెప్పినాడు. ఆయప్పది మనం దాచుకుంటే ఎట్ల?”

“సరే, కోపం ఎక్కువని రాస్తా.”

“సార్లకు కోపం జీతంతో పాటే వస్తాది. అది గాదు.” నాయన కాళ్ల మీది దుప్పటి సర్దింది. “ఆ రాళ్లు రుద్దేటాయప్పది మీ నాయన రాయలేదు.”

మా ఊళ్లో దేవుళ్ల విగ్రహాలు చెక్కే కొట్టాలు చాలా ఉన్నాయి. మా సంఘంలో ఒకాయన అక్కడ కూలికి కుదిరి, చెక్కిన విగ్రహాలను నీళ్లు పోసి రుద్ది నునుపు చేసేవాడు. ఆయన చనిపోయినప్పుడు భార్య మా గడపలో నిలబడి రాయమని అడిగింది. “విగ్రహాలకు పని చేసినోని బతుకు నేను రాయను” అన్నాడట నాయన. ఏమీ చదవకుండానే ఆయన్ను పూడ్చారు.

నేనప్పుడు నాలుగో తరగతి. ఆ తర్వాత నాయన రోజూ బడికి చుట్టుదారిన వెళ్లడం నాకు తెలుసు. ఆరోగ్యం కోసం నడుస్తున్నాడనుకున్నాను. దగ్గరి దారిలో ఆమె ఇల్లుంది.

“తప్పని తెల్సు మీ నాయనకు. ఆ యమ్మకు మొగం చూపించలేకపాయ,” అంది అమ్మ. “ఈ పొద్దు ఆ యమ్మా వస్తాది. సదువు.”

మొదటి కాగితం చించేసి, చివర ఆ తప్పుతో ఒక్క పుట మళ్లీ రాశాను. ఆమె వచ్చింది. సమాధుల తోటలో అందరికంటే వెనక నిలబడింది. మామూలుగా తప్పు దగ్గరికి వచ్చేసరికి జనంలో ఎవరో ఒకరు చిన్నగా నవ్వేవాళ్లు. నేను అది చదువుతుంటే ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. నా నోట్లో ఒక నవ్వించే మాట సిద్ధంగా ఉంది. మింగేశాను.

మట్టి వేయడం అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సదివినావులే నాయనా. మరి మా ఆయప్పది నువ్వు రాస్తావా?”

“నాకు సరిగ్గా రాయడం రాదవ్వా.”

“మీ నాయనకు బాగా వచ్చు. ఏం లాబం?”

ఆ వారంలో రెండు రోజులు ఆమె అరుగు మీద కూర్చుని రాసుకున్నాను. నీళ్లలో రాయి రుద్ది రుద్ది ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయట. చనిపోయిన చెల్లెలి పిల్లలిద్దరినీ పెంచాడు. తప్పు అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అలిగితే నెల దినాలు మాట్లాడడు. గోడతో కాపురం చేసినట్టే.”

ఆదివారం ఆరాధన అయ్యాక చదవాలి. కాగితం చూసిన అయ్యగారు మెల్లగా అడిగాడు: “విగ్రహాల మాట తీసేద్దామా?”

పక్కనే ఉన్న ఆమె నాకంటే ముందే చెప్పింది. “అది తీసేస్తే ఇంగేముంది అయ్యగారూ, దినామూ ఆయప్ప చేసిందే అది.”

నేను తీయలేదు. అది రాసింది తప్పు దగ్గర కాదు, పని దగ్గర. అందరి ముందూ అలాగే చదివాను.