నా ఆటకు ఆగిపోయిన ఇంటర్వ్యూ

బెల్‌ఫాస్ట్‌కు వచ్చిన రెండో ఏడు నేను ఒక పాత ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. మూడు గదులు, ఒక వంటిల్లు, అందరికీ కలిపి ఒకటే వైఫై. నా పక్క గదిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన అక్క ఉండేది. హాస్పిటల్‌లో నర్సు. డ్యూటీ రోటా ఎలా ఉన్నా వంట మాత్రం మానేది కాదు. ఏం వండినా నాకో గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టేది. మూడో గదిలోని ఆయన టాక్సీ నడిపేవాడు, ఎప్పుడోగాని కనిపించేవాడు కాదు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సెలవు దొరికితే కార్ల రేసు గేమ్ ఆడేవాణ్ణి. అది బాగా పాత గేమ్. దానికి కంపెనీ సర్వర్లంటూ లేవు. ఆడేవాళ్లలో ఒకరు తమ కంప్యూటర్‌లో రేసు తెరిస్తే మిగతావాళ్లు ఆ ఇంటి నెట్ అడ్రస్‌కు నేరుగా వచ్చి చేరాలి. ఎక్కువసార్లు నేనే తెరిచేవాణ్ణి. ముక్కూమొహం తెలియని పదిమంది చేతిలో మా ఇంటి నెట్ అడ్రస్ పెడుతున్నానన్న ఆలోచనే నాకు రాలేదు. రోజంతా ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాణ్ణి మళ్లీ!

అక్కకు నాటింగ్‌హామ్‌లోని ఒక హాస్పిటల్ నుంచి వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. మంగళవారం ఉదయం పదకొండుకు. ముందురోజే నా తలుపు తట్టింది.

"రేపు పదకొండు నుంచి గంటసేపు పెద్ద డౌన్‌లోడ్‌లేటీ పెట్టకు తమ్ముడూ. ఈ పోస్టు కోసం రెండేళ్లుగా చూస్తన్నాను."

"పెట్టనుక్కా. నువ్వు నిమ్మళంగా మాట్లాడుకో."

మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. మంగళవారం నాకు సెలవు. ఈ గేమ్‌కు డేటా పెద్దగా అక్కర్లేదు కదా అని రేసు తెరిచాను. అందులో ఒకడు ప్రతి మలుపులోనూ కావాలని మిగతా కార్లను గుద్దుతున్నాడు. రెండుసార్లు చెప్పి చూసి, వినకపోతే రేసులోంచి తీసేశాను. "ఇక నీ నెట్ సంగతి చూసుకో" అని గ్రూపు చాట్‌లో ఒక్క లైను రాశాడు. నవ్వుకున్నాను.

రెండు నిమిషాలు గడిచాయో లేదో, స్క్రీన్ మీద కార్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా ఇంటి అడ్రస్‌కు పనికిమాలిన డేటాను వాడు వరదలా వదిలాడు. దాన్ని తట్టుకోలేక ఇంటి నెట్ మొత్తం పడిపోయింది.

పక్క గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "హలో? కెన్ యూ హియర్ మీ? హలో?" ఆ వెంటనే ఆమె తలుపు తెరుచుకుని వచ్చింది.

"నెట్ పోయింది! నీకేటైనా వస్తందా?"

"లేదుక్కా."

అంతే చెప్పాను. ఆ ఇంటి గోడల మధ్య ఫోన్ సిగ్నల్ కూడా అందదు. అక్క లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది. పక్కింటి పెద్దావిడ ఏమీ అడక్కుండానే ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోవడం కిటికీలోంచి చూశాను. కిందికి దిగి రౌటర్ ఆపేసి, మెట్ల మీద కూర్చున్నాను.

ముప్పావుగంటకు అక్క తిరిగి వచ్చింది.

"వాళ్ల వంటింట్లో కూర్చుని మాట్లాడాను. ఆవిడ కుక్క ఒకటే అరుపు. సగం ప్రశ్నలు మళ్లీ అడిగించుకున్నాను" అంది. టీ పెట్టుకుంటూ, "ఎవర్ని అనుకుంటే ఏటి లాభం? నా జాతకమే అంత. అన్నీ చేతిదాకా వచ్చి జారిపోతాయి" అంది.

నెట్ కంపెనీని తిట్టి ఉంటే నేను ఊరుకునేవాణ్ణేమో. తనను తానే నిందించుకుంటూ ఉంటే వినలేకపోయాను.

"జాతకం కాదుక్కా. నా వల్లే పోయింది."

జరిగిందంతా చెప్పాను. "నువ్వు ఆడుకుంటే నా నెట్ పోడమేటి?" అంది అర్థం కాక.

"ఇల్లంతటికీ ఒకటే అడ్రస్ కదక్కా. వాడు కొట్టింది నన్నే. తగిలింది అందరికీ."

"మరి నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

టీ తాగకుండానే గదిలోకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్రిజ్‌లో నా గిన్నె కూడా లేదు.

ఆ నాలుగు రోజుల్లో నేను చేయాల్సినవి చేశాను. ఇంటి ఓనర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన అనుమతితో నెట్ కంపెనీని అడిగి అడ్రస్ మార్పించాను. రేసులు తెరవడం మానేశాను. ఇతరుల రేసులో చేరినా వాళ్లకు మా ఇంటి అడ్రస్ కనిపించకుండా నా కంప్యూటర్‌లో ఒక విపిఎన్ పెట్టుకున్నాను. అది మధ్యలో తెగితే గేమ్ కూడా ఆగిపోయేలా సెట్ చేశాను.

శనివారం వంటింట్లో అక్కే మాట కలిపింది.

"అది పెట్టావు కదా, ఇక ఏ భయమూ లేదేటి?"

"అట్ల చెప్పలేనుక్కా. వాళ్లకు మన అడ్రస్ బదులు విపిఎన్ కంపెనీ అడ్రస్ కనబడతాది, అంతవరకే. పాస్‌వర్డ్ మనమే ఎవరికన్నా ఇచ్చేస్తే అది కాపాడదు."

"ఫోన్‌లో ఊరికే వచ్చే విపిఎన్‌లు ఉన్నాయి కదా?"

"ఎవరు పెట్టినారో తెలీనివి వద్దుక్కా. మన నెట్ అంతా వాళ్ల చేతులమీదుగా పోతాది. వాళ్లు మంచోళ్లు కాకపోతే మొదటికే మోసం."

"గేమ్ స్లో అవ్వదూ?"

"కొంచెం అయితాది. దగ్గర్లో ఉండే సర్వర్ పెట్టుకుంటే పెద్దగా తెలీదు."

ఆ పోస్టు అక్కకు రాలేదు. ఇంకా ఎక్కువ అనుభవమున్న మనిషి దొరికిందని రాశారు, అంతరాయం గురించి ఒక్క ముక్కా లేదు. తప్పు నాదని వాళ్లకు ఉత్తరం రాస్తానన్నాను, వద్దంది. వేసవిలో అదే ఊళ్లో మరో హాస్పిటల్‌కు దరఖాస్తు పెట్టి, ఈసారి స్వయంగా వెళ్లి కూర్చుని మాట్లాడి వచ్చింది. ఉద్యోగం వచ్చింది.

వెళ్లే రోజు సూట్‌కేసులు నేనే బస్ స్టాప్‌కు మోశాను. అక్కడ నిలబడి, "ఆ రోజు నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా?" అంది.

"తెలిసేది కాదుక్కా."

"ఒకవేళ తరవాత ఇంకెవరి నోటో విని ఉంటే నీ మొహం చూసేదాన్ని కాదు."

ఎయిర్‌పోర్ట్ బస్సు వచ్చింది. పక్కింటావిడ పుట్టినరోజుకు కేకు కొనిచ్చే పని నాకు అప్పగించి అక్క బస్సెక్కింది.